తాతగారి పత్రిక, మనవడి డిటెక్టివ్

ప్రపంచానికి ఆయన ‘పథేర్ పాంచాలీ’ దర్శకుడు. బెంగాలీ పిల్లలకు మాత్రం ముందుగా ఫెలూదా కథల రచయిత. సినిమాకీ సినిమాకీ నడుమ సత్యజిత్ రే 35 అపరాధ పరిశోధన కథలు రాశారు. అవి ఎక్కణ్నుంచి పుట్టాయి?

డార్జిలింగ్‌లో రాజేన్ బాబు అనే పెద్దమనిషికి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అందులో చేతిరాత లేదు. అచ్చు కాగితాల్లోంచి మాటలు కత్తిరించి, జిగురుతో అంటించి, చేసిన తప్పుకి శిక్ష తప్పదని బెదిరించారు. చూడబోతే ఆయన ఎవరి జోలికీ పోయే మనిషి కాదు. ఉద్యోగ ధర్మాలన్నీ ముగించుకుని, పాత కళాఖండాలు సేకరించుకుంటూ కాలం వెళ్లబుచ్చుతున్నాడు. అలాంటివాడి మీద అంత కక్ష ఎవరికి?

ఈ ముడి విప్పడానికి పూనుకున్నది పోలీసులు కాదు. సెలవులకి కలకత్తా నుంచి వచ్చిన ఇరవై ఏడేళ్ల కుర్రాడు ఫెలూదా. వెంట పదమూడు పద్నాలుగేళ్ల తమ్ముడు తోప్షే. చూసిందీ విన్నదీ మనకి చెప్పేది ఆ తమ్ముడే. 1965 డిసెంబర్‌లో ‘సందేశ్’ అనే పిల్లల మాసపత్రికలో మొదలై, 1966 ఫిబ్రవరిలో ముగిసిన ఈ కథతో ఫెలూదా పుట్టాడు.

అరవై ఏళ్ల నాటి కథ కాబట్టి దీని గుట్టు ఒక్కటీ చెప్పేస్తాను. ఆ ఉత్తరం పంపినవాడు రాజేన్ బాబు చిన్ననాటి సహాధ్యాయి. బళ్లో పరుగుపందెంలో రాజేన్ చేసిన అన్యాయాన్ని ముసలితనం దాకా మర్చిపోలేదు. పోయిన నగ లేదు, కారిన రక్తం లేదు. ఒక పిల్లవాడికి ఎప్పుడో తగిలిన దెబ్బ, ఆ దెబ్బకి ఏళ్ల తరబడి మానని నొప్పి. ఇంకో ముచ్చట ఏమిటంటే, ఆ నేరస్థుడి వృత్తి డిటెక్టివ్ నవలలు రాయడం.

పెద్దవాళ్లు ఈ ముగింపు చదివి ఇంతేనా అనుకోవచ్చు. పన్నెండేళ్ల పాఠకుడు అనుకోడు. పరుగుపందెంలో తొండి జరిగితే ఎంత మండుతుందో వాడికి తెలుసు. పిల్లల లోకంలో పెద్ద విషయాలేవో తెలిసి, వాటిని పెద్దవాళ్ల విషయాలంత శ్రద్ధగా పట్టించుకున్న రచయిత సత్యజిత్ రే. ఫెలూదా కథలన్నిటికీ బలం అక్కడే ఉంది. ఆ శ్రద్ధ ఆయనకి ఎక్కడ అబ్బిందో తెలుసుకోవాలంటే డిటెక్టివ్ పుస్తకాల కంటే ముందు ఒక ప్రెస్సులోకి వెళ్లాలి.

గర్పార్ రోడ్డు ఇల్లు

ఉత్తర కలకత్తాలో గర్పార్ రోడ్డు, నంబరు 100. ఇల్లూ ప్రెస్సూ ఒకే కప్పు కింద ఉండేవి. కట్టించినవాడు తాత ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి. ఆయన రచయిత, చిత్రకారుడు, వయొలిన్ వాయిద్యకారుడు. వీటన్నిటికీ మించి, ఫొటోలని అచ్చులోకి దించే హాఫ్‌టోన్ పద్ధతిలో ఇక్కడ కూర్చునే కొత్త మార్గాలు కనిపెట్టి, ఇంగ్లండ్ ముద్రణ నిపుణుల పత్రికలో వ్యాసాలు రాసిన మనిషి. పిల్లల పుస్తకాల్లో బొమ్మలు అలికినట్టు అచ్చవుతున్నాయన్న బాధే ఆయన్ని ఆ పరిశోధనలోకి దించింది. 1913లో ‘సందేశ్’ మొదలుపెట్టాడు. రెండేళ్లకే కన్నుమూశాడు.

పత్రిక బాధ్యత కొడుకు సుకుమార్ మీద పడింది. లండన్‌లో, మాంచెస్టర్‌లో ముద్రణ విద్య చదువుకొచ్చినవాడు. బెంగాలీ పిల్లలు ఇవాళ్టికీ కంఠతా పట్టే తలాతోకా లేని చిలిపి పద్యాలు ఆయనవే. ఆ పద్యాల సంపుటి ‘ఆబోల్ తాబోల్’ పనంతా మంచాన పడి చేశాడు. కాలా అజార్ జ్వరం. 1923 సెప్టెంబర్‌లో పుస్తకం బయటికి వచ్చేసరికి ఆయన పోయి కొద్దిరోజులైంది. వయసు ముప్పై ఆరు దాటలేదు. కొడుకు సత్యజిత్‌కి అప్పటికి రెండున్నరేళ్లు.

తండ్రి గురించి సత్యజిత్‌కి మిగిలిన జ్ఞాపకాలు ఒకటీ అరా. ప్రెస్సు మాత్రం బాగా గుర్తు. పెద్దయ్యాక రాసుకున్న బాల్య స్మృతుల్లో ఆ ఇంటిని గది గదిగా చూపిస్తారు. కేసుల ముందు వంగి అక్షరాలు ఏరుతున్న కంపోజిటర్లు. ఇల్లంతా టర్పెంటైన్ వాసన. బ్లాకులు చేసే గదిలో పెద్ద కెమెరా, దాని దగ్గర రామ్‌దహిన్ అనే పనివాడు. చిన్న సత్యజిత్ ఏదో గీత గీసుకుని కాగితం పట్టుకుని వెళ్లి, ఇది సందేశ్‌లో వెయ్యాలి అనేవాడు. రామ్‌దహిన్ నవ్వి పంపెయ్యలేదు. తల ఊపి, కాగితం తీసుకుని కెమెరా ముందు పెట్టి, పిల్లాణ్ని ఎత్తుకుని, అద్దం మీద తలకిందులుగా పడిన వాడి బొమ్మ వాడికే చూపించేవాడు.

నాలుగైదేళ్ల పిల్లవాడి గీతని ఒక పెద్ద కార్ఖానాలో పనివాడు అంత మర్యాదగా అందుకున్నాడంటే, ఆ ఇంట్లో పిల్లలకున్న విలువ అర్థమవుతుంది.

ఆ వైభవం నిలవలేదు. సుకుమార్ పోయిన కొన్నాళ్లకే ప్రెస్సు అప్పుల్లో మునిగి చేయి దాటిపోయింది. తల్లి సుప్రభ కొడుకుని తీసుకుని భవానీపూర్‌లో పుట్టింటివాళ్ల దగ్గర చేరింది. వితంతువులకి చేతిపనులు నేర్పే విద్యాసాగర్ వాణీభవన్‌లో ఉద్యోగం చేస్తూ పెంచింది. ఒంటరి పిల్లవాడు, మేనమామ ఇల్లు, వేసవి మధ్యాహ్నాలు. తలుపులన్నీ మూసిన గదిలో కిటికీ చీలికలోంచి వెలుతురు దూరి, ఎదుటి గోడ మీద వీధంతా తలకిందులుగా నడుస్తూ కనపడేదట. బళ్లు, సైకిళ్లు, మనుషులు. టిక్కెట్టు లేని ఆ బయోస్కోపు చూస్తూ గంటలు గడిపానని రాసుకున్నారు.

ఫెలూదా పుట్టుపూర్వోత్తరాలు చదువుతుంటే ఇవన్నీ గుర్తొస్తాయి. అసలు పేరు ప్రదోష్ చంద్ర మిత్ర. తొమ్మిదేళ్లకే తల్లీతండ్రీ పోతే బాబాయి ఇంట్లో, అంటే తోప్షే వాళ్ల నాన్న దగ్గర పెరిగాడు. అన్నదమ్ముల మధ్య ఉన్న ఆ బంధం, ఆ ఇంటి మీద ఫెలూదాకి ఉన్న గౌరవం కథల్లో ఎక్కడా నొక్కి చెప్పరు. కానీ బంధువుల నీడలో పెరిగిన పిల్లవాడే అంత సహజంగా రాయగలడనిపిస్తుంది.

పత్రిక నిండాలి

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీల దగ్గర చిత్రకళ చదివి, 1943లో డి.జె. కీమర్ అనే ప్రకటనల కంపెనీలో నెలకి 80 రూపాయల జీతానికి చేరారు రే. సిగ్నెట్ ప్రెస్‌కి అట్టలు వేశారు. ‘పథేర్ పాంచాలీ’ నవల పిల్లల సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీస్తూ గీస్తూ దాన్ని సినిమాగా ఊహించుకున్నారు. 1955లో సినిమా వచ్చింది. తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే.

మన కథకి ముఖ్యమైన సంవత్సరం 1961. అప్పటికి ‘పథేర్ పాంచాలీ’తో మొదలైన అపూ చిత్రాలు మూడూ పూర్తయ్యాయి, దేశదేశాల్లో పేరు మోగుతోంది. అలాంటి సమయంలో కవి మిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి, ఎన్నో ఏళ్ల కిందట ఆగిపోయిన తాతగారి ‘సందేశ్’ని మళ్లీ మొదలుపెట్టారు. లాభం వచ్చే వ్యాపారం కాదని తెలిసే దిగారు. అట్ట ఆయనే గీసేవారు, శీర్షికల అక్షరాలు ఆయనే దిద్దేవారు, ఇతరుల కథలకి బొమ్మలూ వేసేవారు. మరి కథలు?

పెద్దయ్యాక తీరిగ్గా రచయితనవుదామని ఆయన అనుకున్న దాఖలాలు లేవు. కాలేజీ రోజుల్లో ఇంగ్లిష్‌లో ఒకటి రెండు కథలు రాసి ఊరుకున్నారు. బెంగాలీలో కథలు రాయించింది ‘సందేశ్’. నెల తిరిగేసరికి పేజీలు నిండాలి. ముందు ప్రొఫెసర్ శంకూ అనే శాస్త్రవేత్త డైరీ పుట్టింది. తర్వాత దెయ్యాల కథలు, వింత కథలు. నాలుగేళ్లకి ఫెలూదా. నలభై ఏళ్ల వయసులో మొదలైన ఆ కలం ఆయన పోయేదాకా ఆగలేదు. తర్వాతి రోజుల్లో ఇల్లు గడవడానికి సినిమాల కన్నా పుస్తకాలే ఎక్కువ ఆసరా అయ్యాయి. ప్రపంచంలో గొప్ప దర్శకుల జాబితాలో ఉన్న మనిషికి పిల్లల కథల రాయల్టీ అన్నం పెట్టిందంటే నాకు బెంగాలీ పాఠకుల మీద అసూయగా ఉంటుంది.

ఫెలూదాని వరస కథలుగా రాయాలన్న ఆలోచన కూడా మొదట్లో లేదు. మొదటి కథలో ఫెలూదా, తోప్షే అక్కచెల్లెళ్ల బిడ్డలు. తర్వాత్తర్వాత అన్నదమ్ముల బిడ్డలైపోయారు, తోప్షే ఇంటిపేరు కూడా మారింది. ముందే పథకం వేసుకున్న రచయిత అయితే చుట్టరికం దగ్గరే తడబడడు. రాజేన్ బాబు కథ పిల్లలకి తెగ నచ్చింది. ఇంకోటి కావాలన్నారు. 1966లో ‘బాద్‌షాహీ అంగ్‌టీ’ మొదలైంది, ఈసారి లక్నోలో, ఔరంగజేబు ఉంగరం చుట్టూ. 1970 నుంచి ‘దేశ్’ పత్రిక దసరా ప్రత్యేక సంచికల్లోకి కూడా ఫెలూదా వచ్చేశాడు. మనకి దీపావళి ప్రత్యేక సంచికలంటే ఒకప్పుడు ఎంత హడావిడి ఉండేదో, బెంగాల్‌లో పూజా సంచికలకి అంతకు రెండింతలు. ఏటా ఆ సంచికలో ఫెలూదా ఉన్నాడా లేడా అని చూసుకుని కొనే ఇళ్లు ఎన్నో.

గురువు బేకర్ స్ట్రీట్‌లో

బడి రోజుల్లోనే షెర్లాక్ హోమ్స్ కథలన్నీ చదివేసిన మనిషి రే. ఆ రుణం దాచుకోలేదు. హోమ్స్‌కి వాట్సన్ ఉన్నట్టు ఫెలూదాకి తోప్షే. హోమ్స్ అన్న మైక్రాఫ్ట్ ఉన్నట్టు, ఊళ్లో ఏ విషయం అడిగినా దినపత్రికల కత్తిరింపుల పుస్తకాలు తీసి చెప్పే సిద్ధూ పెదనాన్న. హోమ్స్ బద్ధశత్రువు మొరియార్టీ స్థానంలో కాశీలో గద్దె వేసుకుని కూర్చున్న మగన్‌లాల్ మేఘ్‌రాజ్. 1989 నాటి కథలో ఫెలూదా లండన్ వెళ్లినప్పుడు హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్‌కి పోయి, ఇక్కడి గురువు లేకపోతే నేను లేనన్నట్టు నమస్కరించి వస్తాడు.

కానీ వాట్సన్ పెద్దవాడు, డాక్టరు. తోప్షే కుర్రాడు. ఆ ఒక్క మార్పుతో కథ నడక మారిపోయింది. పెద్దవాళ్ల గదిలో మూలన కూర్చుని, ఎవరేం మాట్లాడుతున్నారో, ఎవరి చెప్పులు గుమ్మం దగ్గర ఎటు తిరిగి ఉన్నాయో చూసే హక్కు పిల్లలకే ఉంటుంది. వాళ్లని ఎవరూ పట్టించుకోరు గనక. రే ఆ హక్కుని పూర్తిగా వాడుకున్నారు. ఆనవాళ్లన్నీ తోప్షే కళ్ల ముందే ఉంటాయి, మన కళ్ల ముందు కూడా. వాటిని కలిపేది మాత్రం ఫెలూదా. ఆరడుగుల పైన ఎత్తు, జేబులో కోల్ట్ రివాల్వర్ ఉన్నా పని జరిగేది బుర్రతోనే. రాసుకునే నోటుపుస్తకంలో ఇంగ్లిష్ మాటలు గ్రీకు అక్షరాల్లో ఉంటాయి, ఇంకెవరూ చదవకుండా. ఆ ఒక్క వివరం చదివి గ్రీకు అక్షరాలు నేర్చుకున్న బెంగాలీ పిల్లలు ఎందరో.

చేతిలో సిగరెట్ చార్మినార్. మన హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ కంపెనీ చేసిన సిగరెట్టు, ఫెలూదా పుణ్యమా అని బెంగాలీ బాలసాహిత్యంలోకి ఎక్కింది. పిల్లల కథానాయకుడు కథకి పది సిగరెట్లు కాల్చడం ఇవాళ ఏ సంపాదకుడూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. అది ఆ కాలపు అలవాటు.

సినిమా వెళ్లిన చోటికే కథ

ఫెలూదా కథల్లో ఊళ్లు వాసనతో సహా తెలుస్తాయి. దానికి కారణం రే ఆ ఊళ్లకి కెమెరాతోనో, చిన్నప్పటి సెలవుల్లోనో ముందే వెళ్లి ఉండటం. 1962లో వచ్చిన ‘కాంచన్‌జంఘా’ మొత్తం డార్జిలింగ్‌లో తీశారు. ఆ మాల్, ఆ మంచు, ఆ బెంచీలు మూడేళ్ల తర్వాత రాజేన్ బాబు కథలోకి వచ్చాయి. లక్నో చిన్నప్పుడు బంధువుల ఇంటికి వెళ్లిన ఊరు. ఇమాంబాడాలో దారి తెలియకుండా తిప్పే భూల్‌భులయ్యా ఆ వయసులో చూసినవాడికి ఎలా మరపుకొస్తుంది? ‘బాద్‌షాహీ అంగ్‌టీ’లో అది ఉండి తీరాల్సిందే, ఉంది. ‘అపరాజితో’ తీసిన కాశీ ఘాట్లకి దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఫెలూదా సినిమా ‘జయ్ బాబా ఫెలూనాథ్’ కోసం తిరిగొచ్చారు.

అన్నిటికన్నా పెద్ద కథ జైసల్మేర్‌ది. కొడుకు సందీప్ చిన్నవాడు. నాన్న తీసే సినిమాలన్నీ దిగులుగా ఉంటున్నాయి, పిల్లల కోసం ఒకటి తియ్యమని అడిగాడు. రే తాతగారి కథ ఒకటి తీసుకుని ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’ తీశారు. ఆ షూటింగ్ కోసం రాజస్థాన్ ఎడారి చివరిదాకా వెళితే, పసుప్పచ్చ రాతితో కట్టిన కోట కనపడింది. ఎండ పడితే బంగారమే. ఆ కోటని మనసులో పెట్టుకుని 1971లో ‘సోనార్ కెల్లా’ రాశారు.

కలకత్తాలో ఒక పుస్తకాల షాపాయన కొడుకు ముకుల్. అర్ధరాత్రి లేచి బొమ్మలు గీస్తుంటాడు. నెమళ్లు, ఒంటెలు, బంగారు కోట. పోయిన జన్మలో అక్కడ ఉన్నానంటాడు. వార్త పేపర్లో పడింది. కోటలో నిధి ఉందని నమ్మిన దొంగలు పిల్లాడి వెంట పడ్డారు. ఫెలూదా, తోప్షే వాళ్ల వెనకాల రైలెక్కారు. 1974లో దీన్నే సినిమాగా తీశారు, ఫెలూదాగా సౌమిత్ర చటర్జీ. అప్పటిదాకా బెంగాలీ యాత్రికుల పట్టికలో పెద్దగా లేని జైసల్మేర్‌కి ఆ తర్వాత కుటుంబాలకి కుటుంబాలు కట్టకట్టుకు వెళ్లడం మొదలైంది. ఒక పిల్లల పుస్తకం ఒక ఊరి బతుకుతెరువు మార్చిన సందర్భం మన దేశంలో ఇంకోటి నాకు తెలియదు.

సినిమాకి వచ్చేసరికి రే చేసిన మార్పు గమనించదగ్గది. నవలలో దొంగ ఎవరో చివరిదాకా తెలియదు. తెరమీద మాత్రం మొదట్లోనే చూపించేశారు. చివర్లో డిటెక్టివ్ నిలబడి పది నిమిషాలు వివరించే ఘట్టం సినిమాని చంపేస్తుందని ఆయన అభిప్రాయం. పేజీ మీద పనిచేసే రహస్యం, తెర మీద పనిచేసే ఉత్కంఠ వేరువేరన్న తెలివిడి ఉన్న రచయితలు తక్కువ. ఆ రెండు పనులూ తనే చేశారు కాబట్టి తేడా చేతికి తెలిసింది.

జటాయు ఎక్కాడు

‘సోనార్ కెల్లా’ రైలు ప్రయాణంలోనే పరిచయమవుతాడు లాల్‌మోహన్ గంగూలీ. పొట్టి, బట్టతల, మీసాలు. కలం పేరు జటాయు. వేలకి వేలు అమ్ముడుపోయే డిటెక్టివ్ నవలల రచయిత. అతని కథానాయకుడు ప్రఖర్ రుద్రకి అసాధ్యమన్నది లేదు. సహారా ఎడారి మీద నవల రాసినవాడికి ఒంటె మూపురంలో ఉండేది నీళ్లు కాదు, కొవ్వు అన్న సంగతి తెలియదు. ఫెలూదా చెబుతాడు. జటాయు చిన్నబుచ్చుకోడు. మళ్లీ అచ్చు వేసినప్పుడు దిద్దుకుంటానంటాడు. ఆ క్షణం నుంచే పాఠకులకి ఆప్తుడైపోయాడు.

తెలుగు పాఠకుడికి జటాయు కొత్తవాడు కాదు. అరవైల్లో, డెబ్భైల్లో మన బస్టాండు పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, రాజు జంటతో మొదలుకుని తాడుకి వేలాడిన డిటెక్టివ్ నవలలు ఎన్నో. పాఠ్యపుస్తకం మధ్యలో పెట్టుకుని చదివిన తరం ఒకటి ఉంది. పిల్లల చేతిలో బాహాటంగా ఉండే ‘చందమామ’లో మాంత్రికులు, రాకుమారులు, బేతాళుడు ఉండేవారు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల ఉత్కంఠ ఏ డిటెక్టివ్ నవలకీ తీసిపోదు. కానీ మన వీధిలో, మన కాలంలో, పిల్లవాడు కళ్లు తెరుచుకుని చూస్తే దొరికే ఆనవాళ్లతో నడిచే కథ, పెద్దలకి చూపించి చదువుకోగల అపరాధ పరిశోధన: డిటెక్టివ్ నవలకీ ‘చందమామ’కీ నడుమ ఆ చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఫెలూదా నిలబడింది సరిగ్గా ఆ ఖాళీలో.

‘సోనార్ కెల్లా’ సినిమాలో జటాయుగా సంతోష్ దత్తా నటించారు. అంతకు ముందు రే గీసిన జటాయు ముఖం వేరు. సినిమా తర్వాత గీసిన ప్రతి బొమ్మలోనూ జటాయు సంతోష్ దత్తాయే. నటుడిని చూసి రచయిత తన పాత్ర ముఖం మార్చేశాడు. 1979లో వచ్చిన ‘జయ్ బాబా ఫెలూనాథ్’ చూసినవాళ్లు మగన్‌లాల్ ఇంటి ఘట్టం మర్చిపోలేరు. మగన్‌లాల్‌గా ఉత్పల్ దత్, నవ్వుతూ షర్బత్ ఇప్పిస్తాడు. జటాయుని పలక ముందు నిలబెట్టి, వణుకుతున్న ముసలి సర్కస్‌వాడి చేత చుట్టూ కత్తులు విసిరిస్తాడు. ఒక్క చుక్క రక్తం చిందదు. కానీ ఫెలూదా ముఖంలో కనపడే అవమానం, స్నేహితుణ్ని కాపాడలేకపోయిన కోపం, ఎంత హత్య చూపించినా రాదు. 1988లో సంతోష్ దత్తా పోయాక, ఇక ఫెలూదా సినిమా తియ్యనన్నారు రే. మాట నిలబెట్టుకున్నారు.

చేతులు కట్టేసుకుని రాయడం

పిల్లల కోసం నేర కథ రాయడం తేలిక అనుకునేవాళ్లకి రే అనుభవం చెప్పాలి. అక్రమ సంబంధాలు ఉండకూడదు. ఉన్మాదం, క్రౌర్యం కూడదు. హింస పిసరంతే. నేరాలకి మామూలుగా ఉండే కారణాల్లో ముప్పాతిక వంతు ఇక్కడే కొట్టుకుపోయాయి. అది ఎంత ఇబ్బందో ఆయనే రాసుకున్నారు. మరి మిగిలిందేమిటి? వస్తువులు.

ఫెలూదా కథల్లో పోయేవి ఎక్కువగా వస్తువులే. మొఘల్ ఉంగరం, ఈజిప్టు దేవుడి బొమ్మ, పాత ఉత్తరం, ఇటాలియన్ చిత్రకారుడి క్రీస్తు పటం, తాళపత్రం. ‘కైలాసే కెలెంకారీ’లో భువనేశ్వర్ గుడి నుంచి ఊడబెరికిన యక్షిణి తల అమ్మకానికి పోతుంది, ఆ దొంగల కోసం ఫెలూదా ఎల్లోరా దాకా వెళతాడు. అది 1973. విగ్రహాల దొంగరవాణా అప్పటికి దేశానికి పట్టిన చీడ. గుడి శిల్పం ఎవడి సొంతం, దాన్ని అమ్మినవాడు ఎంత నీచుడు అన్నది పన్నెండేళ్ల పిల్లవాడికి కోపం వచ్చేలా చెప్పగలగడం గొప్ప పని. ‘గోరస్థానే సావధాన్’ చదివితే కలకత్తా పార్క్ స్ట్రీట్ శ్మశానంలో పాత ఇంగ్లిష్ సమాధుల మధ్య, గాలివాన కూల్చిన చెట్ల మధ్య నడుస్తాం. ఒక గడియారం వెతుకుతూ ఆ నగరం రెండు వందల ఏళ్ల చరిత్ర తెలిసిపోతుంది. పాఠం చెప్పినట్టు ఎక్కడా ఉండదు. తెలుసుకుంటేనే దొంగ దొరుకుతాడు, అంతే.

కట్టేసుకున్న చేతుల వల్లే ఒక లోటూ మిగిలింది. ఈ కథల్లో ఆడవాళ్లు దాదాపు లేరు. తోప్షే వాళ్లమ్మ కూడా గుమ్మం దాటి కనపడదు. స్త్రీలే కేంద్రంగా ‘చారులత’, ‘మహానగర్’ సినిమాలు తీసిన మనిషి కథల్లో ఈ ఖాళీ నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. ‘సందేశ్’లోనే దీనికి జవాబు ఉండటం ఒక ఊరట. రే బంధువు నళినీ దాస్, బెథూన్ కాలేజీ ప్రిన్సిపల్‌గా చేసిన విదుషి, అదే పత్రికలో హాస్టల్లో ఉండే కాలూ, మాలూ, బులూ, టులూ అనే నలుగురు ఆడపిల్లల్ని డిటెక్టివ్‌లుగా పెట్టి ‘గండాలు’ కథలు రాశారు. రేకి మేనత్త వరసయ్యే లీలా మజుందార్, నళినీ దాస్, రే ముగ్గురూ కలిసి ఆ పత్రికకి సంపాదకులు. ఫెలూదాకి వచ్చిన పేరులో పదో వంతు కూడా గండాలు జట్టుకి రాలేదు, రావలసింది.

ఉత్తరాలు

1983లో ‘ఘరే బైరే’ తీస్తుండగా గుండెపోటు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు సినిమా పని దాదాపు ఆగిపోయింది. డాక్టర్లు కదలొద్దన్నారు. బిషప్ లెఫ్రాయ్ రోడ్డు ఇంట్లో పడక్కుర్చీలో వాలి, ఒళ్లో అట్ట పెట్టుకుని రాస్తూ పోయారు. డిటెక్టివ్ నవలలంటే ప్రాణం పెట్టే భార్య విజయకి రాసినవి ముందు చూపించేవారు. ఆమె తప్పులు పడితే దిద్దేవారు. కశ్మీర్, లండన్, మద్రాసు, అన్ని చోట్లకీ ఫెలూదాని పంపించారు.

అన్నీ ఒక్కలా లేవు. ఎనభైల చివర్లో వచ్చిన కొన్ని కథల్లో నేరస్థుడు సగంలోనే తెలిసిపోతాడు. ప్లాటు దొరకడం కష్టంగా ఉందని ఇంట్లో అనేవారట. పాఠకులు ఊరుకోలేదు, మునుపటి మజా లేదని ఉత్తరాలు రాశారు. రే ఆ ఉత్తరాలని కథలోకే తెచ్చేశారు. 1990 నాటి ‘నయన్ రహస్య’ తెరవగానే ఫెలూదా దిగాలుగా కూర్చుని ఉంటాడు, కథలు పస తగ్గాయంటూ వచ్చిన పాఠకుల ఉత్తరాలు చదివి. తోప్షే సంజాయిషీ చెప్పుకుంటాడు. అన్ని కేసులూ ఒకేలా రక్తి కట్టవు, కొన్ని పిల్లలకి చెప్పేవి కావు, వదిలేయాల్సి వస్తుంది అని. ఆ నిందని కొట్టిపారెయ్యలేదు, పిల్లలకేం తెలుసు అనలేదు. జవాబు చెప్పవలసిన పెద్దమనుషులకి చెప్పినట్టే చెప్పారు. గర్పార్ రోడ్డు ప్రెస్సులో రామ్‌దహిన్ తనకి ఇచ్చిన మర్యాదే అది.

1992 ఏప్రిల్ 23న రే కన్నుమూశారు. ‘రాబర్ట్‌సన్ రూబీ’ ఆ ఏడాదే ఆయన పోయాక వచ్చింది. పూర్తికాని ముసాయిదాలు కొన్ని తర్వాత అచ్చయ్యాయి. సందీప్ రే ఆ కథల్ని సినిమాలుగా తీస్తూ వచ్చారు.

బెంగాలీ రానివాళ్లకి గోపా మజుందార్ ఇంగ్లిష్ అనువాదం పెంగ్విన్ రెండు సంపుటాల్లో వేసింది. పిల్లల చేతికి ఇచ్చేవాళ్లు మొదటి పేజీ నుంచి వరసగా చదివించక్కర్లేదు. ‘సోనార్ కెల్లా’తో మొదలుపెట్టండి, జటాయు పరిచయం అక్కడే కావాలి. తర్వాత ‘జయ్ బాబా ఫెలూనాథ్’, ఆ వెంటనే ‘గోరస్థానే సావధాన్’. ఈ మూడూ అయ్యాక లక్నో ఉంగరం దగ్గరికి వెనక్కి వెళ్లినా ఫరవాలేదు. సినిమాలు మాత్రం పుస్తకం చదివిన తర్వాతే చూపించండి. ‘సోనార్ కెల్లా’ సినిమాలో దొంగ ఎవరో ముందే చెప్పేస్తారు, పుస్తకంలో దాన్ని కనిపెట్టే అవకాశం పిల్లవాడికి ఒక్కసారే వస్తుంది.